సరిపడా అంటే ఎంతరా?

మా రోజుల్లో "హిస్టెరిసిస్ ఎంత పెట్టావ్?" అని సీనియర్ అడిగితే మిల్లీవోల్టుల్లో జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే బోర్డు చంకన పెట్టుకుని వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మొన్న మా మేనల్లుణ్ణి అదే ప్రశ్న అడిగాను. "సరిపడా పెట్టాను మావయ్యా" అన్నాడు. సరిపడా ఏమిట్రా, కూరలో ఉప్పా?

వాడి మీద కోపం కాదు. బుద్ధిమంతుడు, హైదరాబాద్‌లోనే ఒక కంపెనీలో లేజర్‌తో దూరం కొలిచే యంత్రాలు చేస్తున్నాడు. వాడి బల్ల మీదున్న స్కోప్ ఖరీదుకి మా రోజుల్లో ఇల్లు వచ్చేది. అన్నీ ఉన్నా అంకె మాత్రం లేదు. నా సణుగుడంతా ఆ లేని అంకె గురించే.

ఈ విద్యతో పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. కంపారేటర్ చేసే పని చాలా చిన్నది. రెండు వోల్టేజీలు ఇస్తే ఏది పెద్దదో చెబుతుంది, అంతే. పెచ్చు తేడా ఉన్నప్పుడు ఎవరైనా చెబుతారు. గొడవంతా రెండూ ఇంచుమించు సమానంగా ఉండే ఆ కాసేపట్లోనే. అప్పుడు వాటి మీద ఉన్న కాస్త నాయిస్సే తీర్పరి అయిపోతుంది. అవుట్‌పుట్ పైకి, కిందికి, మళ్లీ పైకి గిలగిల కొట్టుకుంటుంది. దీన్నాపడానికి తీర్పు మారే గీతను రెండుగా చీలుస్తాం. ఎక్కేటప్పుడు పై గీత దాటాలి, దిగేటప్పుడు కింది గీత దాటాలి. ఆ రెంటి మధ్య ఎడమే హిస్టెరిసిస్. ఈ ఉపాయాన్ని సర్క్యూట్‌గా కట్టినవాడు ఒట్టో ష్మిట్ అనే అమెరికన్. 1930ల్లో, స్క్విడ్ అనే సముద్రజీవి నరాల్లో సంకేతం ఎలా పాకుతుందో చదువుకుంటూ, వాల్వులతో కట్టాడు. 1938లో అచ్చేశాడు. ట్రాన్సిస్టర్ పుట్టడానికి దాదాపు పదేళ్ల ముందు మాట.

మేం దాన్ని నేర్చుకున్నది 311 అనే కంపారేటర్ చిప్ మీద. ఎనిమిది కాళ్ల పురుగు. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే దొరికేది. దాని డేటాషీట్ మాత్రం దొరికేది కాదు. లావుపాటి డేటాబుక్ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీలు జిరాక్స్ తీయించుకోవడం, అది ఇంకొకడు తీయించుకోవడం. జిరాక్స్‌కి జిరాక్స్ అయి చివరికి గ్రాఫుల్లో గీతలు ఏవో, మరకలు ఏవో తెలిసేవి కావు. అందుకే ఒక్కో పేజీ కంఠతా వచ్చింది.

అప్పట్లో ఎక్కువగా చేసిన పని కరెంటు సున్నా దాటే క్షణాన్ని పట్టుకోవడం. థైరిస్టర్లనే స్విచ్చులను సరైన వేళకి కాల్చాలంటే, అంటే ఆన్ చేయాలంటే, అది తెలియాలి. 50 హెర్ట్జ్ మెయిన్స్‌ను ట్రాన్స్‌ఫార్మర్‌తో 5 వోల్టుల శిఖరానికి దించి 311కి ఇస్తాం. సున్నా దగ్గర ఆ తరంగం వేగం ఎంత? లెక్క కడితే మైక్రోసెకనుకి సుమారు ఒకటిన్నర మిల్లీవోల్టు. నత్తనడక. దాని మీద 5 మిల్లీవోల్టుల నాయిస్ ఉంటే, ఆ సందిగ్ధంలో మూడు మైక్రోసెకన్లు గడుస్తాయి. 311 తీర్పు చెప్పడానికి పట్టేది 200 నానోసెకన్లు. అంటే ఆ మూడు మైక్రోసెకన్లలో పదీ పదిహేను సార్లు మాట మార్చేంత వ్యవధి దానికి ఉంది. మార్చేది కూడా. ఒక్క సున్నాకి డజను సున్నాలు, ఒక్క కాల్పుకి డజను కాల్పులు.

ఇప్పుడు దాని స్థానంలో 4.5 నానోసెకన్ల టీఎల్‌వీ 3501 పెట్టండి. అదే మూడు మైక్రోసెకన్లలో వందల సార్లు మాట మార్చగలదు. వేగం ఎక్కువైతే మేలే కదా అని కొత్తపిల్లలు అవసరం లేనిచోట కూడా వేగమైన చిప్ ఎక్కిస్తారు. 50 హెర్ట్జ్‌కి నానోసెకన్ల చిప్ ఎందుకురా అంటే, "స్టాక్‌లో అదే ఉంది సార్" అంటారు.

సరే, 311కి మందు ఏమిటంటే రెండు రెసిస్టర్లు. అవుట్‌పుట్ నుంచి ప్లస్ కాలుకి 100 కిలోఓంలు, ప్లస్ కాలు నుంచి రిఫరెన్స్‌కి 1 కిలోఓం. 5 వోల్టుల ఊపులో నూటొకటో వంతు, దాదాపు 50 మిల్లీవోల్టులు వెనక్కి వస్తుంది. 311 అవుట్‌పుట్‌కి సొంతంగా పైకి లేచే ఓపిక లేదు కాబట్టి పుల్-అప్ రెసిస్టర్ పెడతాం, దాన్ని కూడా లెక్కలో కలపాలి. కొత్తవాళ్లు మర్చిపోయేది ఎప్పుడూ దాన్నే.

ఇక సర్దడం. అసలు విద్య ఇక్కడుంది. 100 కిలోఓంల జాగాలో పది చుట్ల ట్రిమ్‌పాట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్) పెట్టి, సన్న స్క్రూడ్రైవర్‌తో హిస్టెరిసిస్‌ను తగ్గించుకుంటూ వస్తాం. పెంచుకుంటూ కాదు, తగ్గించుకుంటూ. షాపులో ఉన్న మోటార్లు, వెల్డింగ్ సెట్టు, ట్యూబ్‌లైట్లు అన్నీ వేసి ఉంచి మరీ. ఎక్కడో ఒకచోట అంచు చిట్లుతుంది, స్కోప్ మీద నిలువు గీత కాస్తా బొంత దారంలా పీచులు పీచులుగా అవుతుంది. అక్కడ ఆపి, ఎన్ని మిల్లీవోల్టులో కొలిచి, కాయితం మీద రాసుకుని, దానికి రెట్టింపు పెట్టేవాళ్లం. తర్వాత ట్రిమ్‌పాట్ పీకేసి, కొలిచిన విలువకి దగ్గరున్న మామూలు రెసిస్టర్ వేసి సోల్డర్ కొట్టేవాళ్లం. ట్రిమ్‌పాట్ ఉంచితే ఎవడో ఒకడు తిప్పుతాడు.

ఈ పద్ధతిలో సుఖం ఏమిటంటే, ఎంత పెట్టావో తెలియడమే కాదు, పెట్టకపోతే ఎక్కడ చెడుతుందో కూడా తెలుస్తుంది. రెండో అంకె లేకుండా మొదటి అంకెకి అర్థం లేదు. ఇవాళ ఆ రెండో అంకె ఎవరి దగ్గరా లేదు.

అన్నట్టు 311లో ఇంకో కొంటెతనం ఉంది. 5, 6 నంబరు కాళ్లు బ్యాలెన్స్ కోసం. 7 అవుట్‌పుట్. అవుట్‌పుట్ పక్కనే సున్నితమైన కాలు! వాడకపోతే 5, 6 కలిపి షార్ట్ చేసేయమని డేటాషీట్లోనే ఉంది. చేయకపోతే 7 మీది గెంతు పక్కింటి 6లోకి దూరి చిప్ తనంతట తానే పాడుతుంది. హిస్టెరిసిస్ ఎంత పెంచినా ఆగదు, ఎందుకంటే జబ్బు ఇన్‌పుట్‌లో లేదు. 6 మీద వేలు పెడితే పాట శ్రుతి మారేది. ఆ వేలిముద్రల విద్య ఇప్పుడు నేర్పడానికి లేదు. ఇప్పటి చిప్ మీద వేలు పెడితే, చిప్పుతో పాటు దాని చుట్టూ ఉన్న ఇరవై భాగాలు వేలి కింద ఉంటాయి.

వేగం మా కాలంలో లేదని కాదు. 1960ల నడిమికే ఫెయిర్‌చైల్డ్‌లో బాబ్ విడ్లార్ చేసిన 710 ఉంది, 40 నానోసెకన్లు. ఆ తర్వాత ఏఎం 685 వచ్చింది, ఆరున్నర నానోసెకన్లు. దాని అవుట్‌పుట్ ఈసీఎల్, ఊపు వోల్టు కూడా ఉండదు, 0.8 చిల్లర. 5 వోల్టులకి లెక్కగట్టిన రెసిస్టర్లు దానికి పెడితే హిస్టెరిసిస్ ఆరో వంతుకి పడిపోతుంది. 1980ల్లో ఎల్‌టీ 1016 వచ్చింది, 10 నానోసెకన్లు, మామూలు టీటీఎల్ అవుట్‌పుట్. దాంతో పాటు 1985లో జిమ్ విలియమ్స్ రాసిన 13వ నంబరు అప్లికేషన్ నోట్. వేగమైన కంపారేటర్‌ను చెడగొట్టే దారులన్నీ వరసబెట్టి స్కోప్ ఫోటోలతో చూపించాడాయన. బైపాస్ కెపాసిటర్ లేకపోతే ఇలా, గ్రౌండ్ ప్లేన్ లేకపోతే ఇలా, ప్రోబు సరిగా పెట్టకపోతే ఇలా. దొంగల ఫోటోలు పోలీస్ స్టేషన్లో అంటించినట్టే ఉంటుంది. మా వాడికి ఆ నోట్ పంపాను. "నలభై ఏళ్ల కిందటిది కదా మావయ్యా" అన్నాడు. ఓం సూత్రం ఎప్పటిదిరా?

ప్రోబు మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తాను. స్కోప్ ప్రోబుకి మొసలి నోటి క్లిప్పుతో ఆరంగుళాల గ్రౌండ్ తీగ ఉంటుంది. ఆ తీగ ఇండక్టెన్సూ, ప్రోబు మొనలోని పది పికోఫారడ్లూ కలిసి వంద మెగాహెర్ట్జ్ పైచిలుకు దగ్గర గంటలా మోగుతాయి. తెర మీద కనిపించే ఆ మోతని సర్క్యూట్ చేస్తోందనుకుని హిస్టెరిసిస్ పెంచినవాళ్లు నాకు తెలుసు. ఇంకో రకం ఇంకా చిత్రం. ప్రోబు పెడితే ఆసిలేషన్ ఆగిపోతుంది, తీస్తే మొదలు. ఆ ప్రోబునే బోర్డుతో పాటు కస్టమర్‌కి ఇచ్చేద్దామని ఒకడు జోకేశాడు. తీగ పీకేసి, మొన పక్కనే చిన్న స్ప్రింగుతో గ్రౌండ్ పట్టుకోవడం అప్పుడు మేం చేత్తో చుట్టుకున్నాం, ఇప్పుడు ప్రోబు పెట్టెలోనే ఇస్తున్నారు. పెట్టెలోంచి తీసినవాణ్ణి నేనింకా చూడలేదు.

మా వాడి కథకి వస్తాను. లేజర్ మెరుపు పంపడం, ఎదురుగా ఉన్నదేదో తగిలి తిరిగొచ్చే వెలుగుని పట్టుకోవడం, మధ్య గడిచిన కాలాన్నిబట్టి దూరం చెప్పడం. వెలుగు వెళ్లి రావాలి కాబట్టి ఒక నానోసెకను అంటే 15 సెంటీమీటర్లు. తిరిగొచ్చిన పల్సుని కంపారేటర్ పట్టుకోవాలి. వాడి బోర్డు ఒక్క పల్సుకి రెండు, ఒక్కోసారి మూడు అవుట్‌పుట్లు ఇచ్చేది. చిప్‌కి హిస్టెరిసిస్ కోసమే ఒక పిన్ను ఉంది, దాన్నుంచి గ్రౌండ్‌కి ఒక్క రెసిస్టర్ పెడితే చాలు. వీడు ఆ రెసిస్టర్‌ను తగ్గించుకుంటూ పోయాడు. 60 మిల్లీవోల్టుల దగ్గర గోల ఆగింది. "సరిపడా" అంటే అదన్నమాట.

ఆగిందిగా, ఇంకేం అంటారా? హిస్టెరిసిస్ ఊరికే రాదు, కాలంలో కిస్తీ కట్టించుకుంటుంది. 60 మిల్లీవోల్టుల ఎడంలో సగం, 30, గీతను జరిపేస్తుంది. దూరపు నల్లకారు నుంచి వచ్చిన నీరసపు పల్సు 5 నానోసెకన్లలో 100 మిల్లీవోల్టులు లేస్తుందనుకోండి. ఆ అదనపు 30 ఎక్కడానికి ఒకటిన్నర నానోసెకను, అంటే 22 సెంటీమీటర్లు. దగ్గరి తెల్లగోడ నుంచి వచ్చిన పల్సు అదే కాలంలో 1 వోల్టు లేస్తే ఆ ఆలస్యం రెండు సెంటీమీటర్లే. అదే యంత్రం గోడను ఒకచోట, కారును ఇంకొకచోట చూపిస్తుంది. గీత జరగడం వల్ల ఇంకా నీరసపు పల్సులు అసలు కనిపించకుండానే పోతాయి. వీళ్ల కంపెనీలో ఒక బృందం ఈ తేడాను సాఫ్ట్‌వేర్‌తో దిద్దడానికి టేబుల్ తయారు చేస్తోందట, మరో బృందం దూరపు వస్తువులు ఎందుకు కనిపించడం లేదని లేజర్ శక్తి పెంచమంటోందట. ఒక రెసిస్టర్ ఎంతమందికి జీతం ఇప్పిస్తోందో చూడండి.

పల్సు ఎత్తుని బట్టి కాలం మారడం కొత్త జబ్బేం కాదు. న్యూక్లియర్ కణాలను లెక్కపెట్టే పరికరాల్లో ఇదే బాధ. దానికి మందుగా పల్సులో కొంత భాగాన్ని ఆలస్యం చేసి, ఇంకొంత భాగాన్ని తలకిందులు చేసి కలిపి, ఆ మొత్తం సున్నా దాటే చోటు పట్టుకునే డిస్క్రిమినేటర్లు 1960ల్లోనే వచ్చాయి. మన హైదరాబాద్‌లో 1967లో ఏ.ఎస్. రావు గారి చేతుల మీదుగా పుట్టిన ఈసీఐఎల్ మొదట్లో చేసిన పనుల్లో న్యూక్లియర్ ఎలక్ట్రానిక్స్ ముఖ్యమైనది. ఆయన పేరున్న కాలనీలో అద్దెకుంటూ మా వాడు ఆ డిస్క్రిమినేటర్ల సంగతి విదేశీ వీడియోలో చూసి నేర్చుకున్నాడు.

బోర్డు నా ముందు పెట్టమన్నాను. చిప్ అవుట్‌పుట్ రాగి గీత ఇన్‌పుట్ గీతతో పక్కపక్కనే కబుర్లాడుకుంటూ కాస్త దూరం పోతోంది. సాఫ్ట్‌వేర్ దగ్గరి దారి అని అలా గీసింది. ఆ రెంటి మధ్య ఎంతుంటుంది, 0.3 పికోఫారడ్. చులకనగా చూస్తాం. అవుట్‌పుట్ 3.3 వోల్టులు ఒక్క నానోసెకనులో గెంతితే ఆ 0.3 పికోఫారడ్‌లోంచి దూరే కరెంటు 1 మిల్లీయాంపు. 50 ఓంల ఇన్‌పుట్ మీద అది 50 మిల్లీవోల్టులు! పైగా పల్సు వచ్చేది మైనస్ కాలుకి, కాబట్టి అవుట్‌పుట్ పడగానే ఆ తోపు ఇన్‌పుట్‌ను వెనక్కి నెడుతుంది. అవుట్‌పుట్ మళ్లీ లేస్తుంది. 60 దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసిందా? వీడు 60 పెట్టింది లోకంలోని నాయిస్‌కి కాదు, తన బోర్డు తన మీదే వేసుకున్న రాళ్లకి. రోగం ఒకటి, మందొకటి.

"సిమ్యులేషన్‌లో బాగానే వచ్చింది మావయ్యా." వస్తుంది నాయనా. సిమ్యులేషన్‌లో ఆ రెండు గీతలకీ మధ్య ఏమీ లేదు, నువ్వు గీయలేదు కాబట్టి. గ్రౌండ్ అక్కడ నిజంగా సున్నా. నువ్వు చెప్పని జబ్బు దానికెలా తెలుస్తుంది?

గీతలు విడదీసి, మధ్యలో గ్రౌండ్ పరిచి, బైపాస్ కెపాసిటర్‌ను చిప్ కాలి దగ్గరికి జరిపి కొత్త బోర్డు చేయించాడు. అప్పుడు నాయిస్ కొలవమన్నాను. ఆర్‌ఎంఎస్ ఒక మిల్లీవోల్టుకి కాస్త ఎక్కువ వచ్చింది. శిఖరం నుంచి లోయకి దానికి ఆరు రెట్లు అనుకుంటే ఏడెనిమిది. పది మిల్లీవోల్టులు పెడితే సరిపోయింది. అరవై ఎక్కడ, పది ఎక్కడ.

నిజం చెప్పాలంటే, ఆ పిన్ను మీద నాకు పేచీ లేదు. పాత పద్ధతి ఈ వేగాల దగ్గర నడవదు. 1 కిలోఓం రెసిస్టరూ, ఇన్‌పుట్ కాలు దగ్గరున్న నాలుగు పికోఫారడ్లూ కలిస్తే నాలుగు నానోసెకన్లు. 200 నానోసెకన్ల 311కి అది లెక్కలోకి రాదు. మూడు నానోసెకన్ల చిప్‌కి మాత్రం, ఫీడ్‌బ్యాక్ వచ్చేసరికి పెళ్లైపోయి పందిరి కూడా పీకేసి ఉంటారు. పెద్ద రెసిస్టర్ మీద రెండు మూడు పికోఫారడ్ల కెపాసిటర్ పెట్టి మేం కొన్నాళ్లు నెట్టుకొచ్చాం. అంచు వెంటనే గట్టి తోపు ఇచ్చి తర్వాత కరిగిపోతుంది, చక్కని ఉపాయం. కానీ ఏడీసీఎంపీ 580 లాంటి 180 పికోసెకన్ల చిప్ ఎదురైతే అదీ చేతులెత్తేస్తుంది. బోర్డు మీద సంకేతం సెంటీమీటరు నడవడానికే అరవై డెబ్బై పికోసెకన్లు పడుతుంది. బయటికి వెళ్లి తిరిగొచ్చేలోపు తీర్పు అయిపోతుంది. కాబట్టి హిస్టెరిసిస్ చిప్ లోపలే ఉండాలి, బయట ఒక రెసిస్టరే ఉండాలి. వాళ్లు చేసింది న్యాయమే. మా ట్రిమ్‌పాట్ అక్కడ పెడితే దాని కాళ్లే యాంటెన్నాలు.

అయితే ఆ పిన్నుకీ ఒక తిక్క ఉంది, డేటాషీట్ చదివితే తెలుస్తుంది. చాలా చిప్పుల్లో హిస్టెరిసిస్‌కీ లాచ్‌కీ ఒకే పిన్ను. రెసిస్టర్ తగ్గించే కొద్దీ హిస్టెరిసిస్ పెరుగుతుంది. ఇంకా తగ్గించుకుంటూ గ్రౌండ్ దాకా పోతే చిప్ లాచ్ అయిపోతుంది, ఇన్‌పుట్‌లో ఏం జరిగినా కదలదు. గోల పూర్తిగా ఆగిపోతుంది. ఈ స్థితిలో ఉన్న బోర్డును "ఇప్పుడు అద్భుతంగా ఉంది సార్, అస్సలు నాయిస్ లేదు" అని చూపించిన మహానుభావుడొకడు నాకు తెలుసు. పేరు చెప్పను, ఇప్పుడు మేనేజర్.

రెసిస్టర్‌ను పిన్నుకి ఆనించి పెట్టమని కూడా మా వాడికి చెప్పాను. అది సున్నితమైన కాలు, పొడుగు గీత గీస్తే దాని మీద పడే నాయిస్ ఆ రెండు హిస్టెరిసిస్ గీతలనే ఊపుతుంది. విన్నాడు. విని, పోయినవారం ఫోన్ చేశాడు. రెసిస్టరే తీసేస్తాడట. ఆ పిన్నుని అంకెను వోల్టేజీగా మార్చే ఒక డాక్ చిప్‌తో నడిపించి, పల్సు గట్టిదో నీరసందో చూసి హిస్టెరిసిస్‌ను సాఫ్ట్‌వేరే మారుస్తుందట. ఆ డాక్ ఎక్కడుంది అని అడిగాను. బోర్డు ఆ చివర, ప్రాసెసర్ పక్కన. గీత ఎంత పొడవు? కాసేపు మాట్లాడలేదు. "ఫిల్టర్ పెడతాను మావయ్యా" అన్నాడు. ఎంత పెడతావ్ అన్నాను.

"చూసి చెబుతాను" అన్నాడు. సరిపడా అనలేదు, అదే పదివేలు.